డిక్కీ అడుగున దాగిన తడి

వానాకాలం మొదలైన కొద్ది వారాలకే చాలా కుటుంబాలకు ఎదురయ్యే సమస్య ఒకటి ఉంది. కారు తలుపు తెరవగానే తడిసిన గోనెసంచి వాసన గుప్పుమంటుంది. ఫజ్ర్ నమాజుకు బయలుదేరేవేళ వెనుక అద్దానికి లోపలి వైపున ఆవిరి పట్టి ఉంటుంది. డిక్కీలో ఉంచిన జానమాజ్ చెమ్మగిల్లి ఉంటుంది. అనుమానం వచ్చి డిక్కీ అడుగున పరచిన కార్పెట్ ఎత్తి చూస్తే, స్టెప్నీ టైరు ఉండే గుంటలో నీళ్ళు నిలిచి కనిపిస్తాయి.

అప్పుడు మనలో చాలామంది చేసే పని ఒక్కటే. పాతగుడ్డతో నీళ్ళు తుడిచి, కారును ఒక పూట ఎండలో నిలబెట్టి, డిక్కీ సరిగా మూసుకోలేదేమో అనుకొని ఊరుకుంటాం. తర్వాతి వానకు మళ్ళీ అదే పరిస్థితి. మెకానిక్ వద్దకు తీసుకువెళితే డిక్కీ మూత చుట్టూ ఉండే రబ్బరు మారుస్తారు. అయినా నీరు ఆగకపోవచ్చు. ఎందుకంటే డిక్కీలో చేరే నీరంతా పైనుంచే రావాలని లేదు. వెనుక చక్రాల పక్కనుంచి, షాక్ అబ్జార్బర్‌ను బాడీకి బిగించిన చోటునుంచి కూడా అది లోపలికి వస్తుంది.

ఆ నీరు వచ్చే దారి ఏది, దాన్ని ఇంటివద్దే గుర్తించడం ఎలా, అశ్రద్ధ చేస్తే జరిగే నష్టమేమిటి, అలాంటి కారును అమ్మవలసి వచ్చినప్పుడు మన బాధ్యత ఏమిటి అనే విషయాలను ఇక్కడ వివరించదలచాము.

నీరు చేరే దారి

కారు వెనుక చక్రం పైన అర్ధచంద్రాకారంలో ఇనుపరేకు గూడు ఒకటి ఉంటుంది. మెకానిక్‌లు దాన్ని వీల్ ఆర్చ్ అంటారు. ఆ రేకుకు ఒక పక్క చక్రం, మరొక పక్క డిక్కీ. చాలా కార్లలో షాక్ అబ్జార్బర్ పై కొన ఈ గూడు పైభాగంలోనే బోల్టులతో బిగించబడి ఉంటుంది. బోల్టు వెళ్ళడానికి రేకులో రంధ్రం తప్పనిసరి. ఆ రంధ్రం చుట్టూ రబ్బరు వాషరు గాని, పైన మూత గాని అమర్చి నీరు రాకుండా కట్టడి చేస్తారు. డిక్కీలో పక్కన ఉండే అట్ట లేదా ప్లాస్టిక్ తొడుగు తీసి చూస్తే చాలా కార్లలో ఆ నట్టు కంటికి కనబడుతుంది.

కారు బాడీ ఒకే రేకుతో చేసినది కాదు. అనేక రేకులను వెల్డింగ్‌తో అతికించి, అతుకుల మీద సీమ్ సీలర్ అనే మందమైన జిగురు పూస్తారు. చక్రం గూడు, డిక్కీ అడుగు రేకు కలిసే చోట ఈ అతుకులు ఎక్కువ. కారు గుంటలో పడిన ప్రతిసారీ షాక్ అబ్జార్బర్ ఆ భాగాన్నే కుదుపుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఎండకు, కుదుపులకు ఆ జిగురు గట్టిపడి వెంట్రుకంత సన్నగా పగులుతుంది. చక్రాల వద్దకు వెళ్ళే వైర్ల కోసం రేకులో పెట్టిన రబ్బరు బిరడాలు కూడా వదులవుతాయి. షాక్ అబ్జార్బర్లు మార్చినప్పుడు పాత రబ్బరునే తిరిగి వేయడం, మూత పెట్టడం మరచిపోవడం మరొక కారణం. వెనుకనుంచి ఢీకొన్న కారును బాగుచేసేటప్పుడు అతుకులకు జిగురు సరిగా పూయకపోతే కూడా ఇదే జరుగుతుంది.

ఇంత సన్నని పగులునుంచి గుంట నిండేంత నీరు ఎలా వస్తుందని సందేహం కలగవచ్చు. పెద్ద వానచినుకు నేలను తాకేటప్పుడు దాని వేగం సెకనుకు సుమారు 9 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు టైరు అంచు సెకనుకు సుమారు 22 మీటర్ల వేగంతో తిరుగుతుంది. తడి రోడ్డుమీద ఆ టైరు నీటిని ఇంచుమించు అదే వేగంతో గూడులోకి విసురుతుంది. అంటే అక్కడి అతుకుకు తగిలే దెబ్బ వానదెబ్బ కంటే ఎంతో బలమైనది. గంటసేపు ప్రయాణిస్తే ఆ దెబ్బ గంటసేపూ పడుతూనే ఉంటుంది.

పైనుంచా, కిందినుంచా?

ఒక్క రూపాయి ఖర్చు లేకుండా తేల్చుకోగల విషయమిది. ముందుగా డిక్కీలోని సామాను, కార్పెట్, స్టెప్నీ అన్నీ తీసివేసి అడుగంతా పొడిగా తుడవాలి. తర్వాత రెండు సందర్భాలను వేరువేరుగా గమనించాలి.

మొదటిది, కారు కదలకుండా నిలిచి ఉండగా వాన పడిన రోజు. ఆ రోజు డిక్కీలో నీరు కనిపిస్తే దోషం పైభాగంలో ఉన్నట్టు. డిక్కీ మూత రబ్బరు, వెనుక లైట్ల చుట్టూ ఉండే రబ్బరు, పైకప్పు అతుకులు, యాంటెనా మొదలు అనే వాటిని పరీక్షించాలి.

రెండవది, వాన వెలిసిన తర్వాత తడి రోడ్డుమీద కనీసం అరగంట ప్రయాణం చేసిన రోజు. పైన చినుకు లేకపోయినా డిక్కీలో నీరు చేరితే దోషం చక్రాల వైపున ఉన్నట్టే. నీటితోపాటు సన్నని మట్టి, ఇసుక కూడా కనిపిస్తే అనుమానం మరింత బలపడుతుంది. పైనుంచి కారే వాననీటిలో సాధారణంగా రోడ్డు మట్టి ఉండదు.

ఈ తేడా తెలుసుకోకుండా మెకానిక్ వద్దకు వెళితే ఒక్కొక్క భాగం మారుస్తూ పోవడమే అవుతుంది. తెలుసుకొని వెళితే ఎక్కడ వెదకాలో మనమే చెప్పగలం.

సరిగ్గా ఏ చోటునుంచి?

దోషం చక్రాల వైపున ఉందని తేలితే మరికొంత ఓపికతో కచ్చితమైన స్థానాన్ని పట్టుకోవచ్చు. డిక్కీ పక్కల ఉన్న తొడుగులు తీసి, చక్రం గూడు లోపలి రేకు మీద, అతుకుల వెంబడి, షాక్ అబ్జార్బర్ నట్టు చుట్టూ టాల్కమ్ పౌడరు గాని సుద్దపొడి గాని పలుచగా చల్లాలి. నీరు దిగితే పొడిమీద చార పడుతుంది. చార ఎక్కడ మొదలైందో అదే రంధ్రం. నీరు కనిపించిన చోటే రంధ్రం ఉందని అనుకోవడం పొరపాటు. రేకు వెంబడి జారి, రంధ్రానికి మూరెడు దూరంలో నిలవడం దానికి సహజం.

తర్వాత తోటకు నీళ్ళు పెట్టే మామూలు గొట్టంతో చక్రం గూడులోకి నీరు కొట్టాలి. ముందు కింది అతుకు, ఆ తర్వాత పైభాగం. ఒక్కొక్క చోట పది నిమిషాలైనా ఆగాలి. పైనుంచి మొదలుపెడితే నీరు అన్ని అతుకుల మీదుగా జారి, లోపలికి వచ్చినది ఏ అతుకునుంచో తేలదు. సర్వీసింగ్ కేంద్రాల్లో వాడే ఒత్తిడి పంపు ఈ పరీక్షకు పనికిరాదు. మంచి అతుకులోకి కూడా అది నీటిని నెట్టగలదు. వెనుక సీటు మడిచే వీలుంటే పెద్దవారొకరు సీటు వైపునుంచి టార్చిలైటు వేసి చూడవచ్చు. పిల్లలను మాత్రం ఏ కారణంగానూ డిక్కీలో కూర్చోబెట్టరాదు, ఆటకైనా సరే.

రాత్రివేళ మరొక ఉపాయం ఉంది. చక్రం గూడులో బలమైన టార్చి వెలిగించి, లోపల చీకటిలో చూస్తే రేకు తుప్పుపట్టి చిల్లుపడిన చోట వెలుతురు చుక్కలా కనబడుతుంది. ఈ పరీక్షలన్నీ కారును సమతలం మీద నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజను ఆపి చేయాలి. జాకీ మీద నిలిపిన కారు కిందికి తల పెట్టరాదు.

ఎందుకు అశ్రద్ధ చేయరాదు?

కొద్దిపాటి నీళ్ళే కదా అనుకోవడంలో నాలుగు ప్రమాదాలున్నాయి.

మొదటిది తుప్పు. షాక్ అబ్జార్బర్ పై కొనను పట్టి ఉంచే రేకే ఇక్కడ తడుస్తోంది. గుంటల్లో పడినప్పుడు వచ్చే దెబ్బలన్నీ భరించేది ఆ రేకే. అది లోలోపల తినివేయబడితే మొదట వెనుకనుంచి టకటక శబ్దం, తర్వాత చక్రం పట్టు తప్పడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల ఉప్పుగాలిలో తుప్పు మరింత త్వరగా వ్యాపిస్తుంది. ప్రయాణం మధ్యలో టైరు పంక్చరైనప్పుడు జాకీ తుప్పుపట్టి తిరగకపోవడం కూడా ఈ తడి ఫలితమే.

రెండవది బూజు. కార్పెట్ పైభాగం ఎండినా దాని అడుగున ఉండే దళసరి పొర నీటిని స్పాంజిలా పట్టుకొని వారాల తరబడి తడిగానే ఉంటుంది. అక్కడ బూజు పెరుగుతుంది. మూసిన కారులో ఆ గాలిని పీల్చే పిల్లలకు, ఉబ్బసం ఉన్న పెద్దలకు తుమ్ములు, దగ్గు, ఆయాసం కలుగుతాయి. సెంటు సీసా వేలాడదీస్తే వాసన మరుగున పడుతుంది గాని బూజు పోదు.

మూడవది విష వాయువు. మనం ఎక్కువగా గమనించవలసినది ఇదే. నీరు లోపలికి రాగల దారిలో గాలి కూడా రాగలదు. కారు పొగగొట్టం కొన ఆ దాపులనే ఉంటుంది. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా అంటుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత దాని తొలి లక్షణాలు. వెనుక సీటులో నిద్రపోతున్న పిల్లలకు అది మగతో మామూలు నిద్రో తెలుసుకోవడం కష్టం. పొగగొట్టం కూడా తుప్పుపట్టి మధ్యలో చిల్లుపడి ఉంటే ప్రమాదం మరీ ఎక్కువ. అందువల్ల డిక్కీలో రంధ్రం ఉందని తెలిసిన కారులో ఇంజను నడుస్తుండగా, అద్దాలు మూసి, ఏసీ వేసుకొని నిద్రపోవడం ఎంతమాత్రం తగదు. నిలిపిన కారులో ఇంజను ఆన్ చేసి నిద్రించడం మంచి కారులోనైనా మానవలసిన అలవాటే.

నాలుగవది గ్యాస్ సిలిండరు, విద్యుత్ వైర్లు. డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు అమర్చుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అడుగున నీరు నిలిస్తే సిలిండరు కింది భాగం, దాన్ని పట్టి ఉంచే పట్టీలు మన కంటపడకుండానే తుప్పుపడతాయి. సీఎన్‌జీ సిలిండరుకు 3 ఏళ్ళకొకసారి హైడ్రో టెస్టు చేయించాలన్నది నిబంధన. డిక్కీలో నీరు చేరిన కారు అయితే ఆ గడువు కోసం ఎదురుచూడక అధీకృత కేంద్రంలో ముందే చూపించడం మేలు. సిలిండరును ఇంట్లో విప్పే ప్రయత్నం చేయరాదు. కొన్ని కార్లలో బ్యాటరీగాని, ఎలక్ట్రానిక్ పెట్టెలుగాని డిక్కీలోనే ఉంటాయి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నీరు కనిపిస్తే సొంతంగా ఏదీ ముట్టుకోక కంపెనీ సర్వీసు కేంద్రానికే తీసుకువెళ్ళాలి.

మరమ్మతు ఎలా ఉండాలి?

ఈ పనిని మెకానిక్‌కు అప్పగించేవారు కూడా సరైన పద్ధతి తెలుసుకోవడం అవసరం. పాత జిగురును పూర్తిగా గీకివేయాలి. తుప్పును వైరు బ్రష్‌తో తొలగించి, తుప్పును నిరోధించే ప్రైమరు పూయాలి. అది ఆరిన తర్వాత కార్ల బాడీకి వాడే పాలియురేథేన్ సీమ్ సీలరును అతుకు పొడవునా నింపి, పైన పెయింటు వేయాలి. ఈ పూత చక్రం వైపున ఉండాలన్నది ముఖ్యమైన విషయం. డిక్కీ లోపలి వైపున మాత్రమే పూస్తే నీరు రెండు రేకుల మధ్యకు వచ్చి, బయటికి పోలేక అక్కడే నిలుస్తుంది. పైకి పొడిగా కనిపిస్తూనే లోపల రేకు తినివేయబడుతుంది.

హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే సిలికాన్ గొట్టాల్లో కొన్ని ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. ఆ ఆమ్లం ఇనుపరేకును తుప్పు పట్టిస్తుంది గనుక దాన్ని ఇక్కడ వాడరాదు. షాక్ అబ్జార్బర్ నట్టు వద్దనే కారుతుంటే రబ్బరు వాషరు, మూత కొత్తవి వేయించాలి. ఆ నట్టును ఇంట్లో విప్పరాదు. కొన్ని కార్లలో అణచిపెట్టిన స్ప్రింగును పట్టి ఉంచేది అదే. అది ఒక్కసారిగా విడివడితే ప్రాణాపాయం. తిరిగి బిగించేటప్పుడు కూడా కంపెనీ నిర్దేశించిన బిగువు ఉండాలి. రేకు చిల్లుపడి ఉంటే కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయడమే మార్గం. ఇంధనపు ట్యాంకు దాపునే ఉంటుంది గనుక ఆ పనిని అనుభవజ్ఞులకే అప్పగించాలి.

స్టెప్నీ గుంట అడుగున ఉన్న రబ్బరు బిరడా తీసివేస్తే నీరు దానంతటదే పోతుందని కొందరు సలహా ఇస్తారు. వచ్చే నీరు దానివల్ల ఆగదు, పైగా రోడ్డు నీటికి, పొగకు మరో దారి తెరిచినట్టవుతుంది. నిలిచిన నీరు తీయడానికి బిరడా తెరిచినా వెంటనే తిరిగి పెట్టివేయాలి.

వారంటీ కాలంలో ఉన్న కారు అయితే ఫిర్యాదును నోటిమాటగా వదలక రాతపూర్వకంగా ఇచ్చి, జాబ్ కార్డు ప్రతి దగ్గర ఉంచుకోవాలి. వాడకం వల్ల క్రమంగా వచ్చే అరుగుదలకు, తుప్పుకు సాధారణ వాహన బీమా వర్తించదు. కాబట్టి ఆలస్యమైనకొద్దీ భారం మనమీదే పడుతుంది.

తడిసిన జానమాజ్ సంగతి

డిక్కీలోకి వచ్చినది రోడ్డు నీరు గనుక, దానితో తడిసిన జానమాజ్, దుస్తుల శుద్ధత గురించి సందేహం కలగడం సహజం. వీధుల్లో తప్పించుకోలేని బురద విషయంలో ఫుఖహాలు సడలింపు చూపారు. అయితే మురుగునీరు కలిసినట్టు వాసన ద్వారా, రంగు ద్వారా స్పష్టంగా తెలిస్తే వాటిని కడిగి శుభ్రపరచుకోవలసిందే. లోపం సరిచేసేవరకు జానమాజ్‌ను, ధార్మిక గ్రంథాలను డిక్కీలో ఉంచకపోవడం మంచిది.

అమ్మేటప్పుడు, కొనేటప్పుడు

2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో విజయవాడలో వచ్చిన వరదల్లో ఎన్నో కార్లు నీట మునిగాయి. పాత కారు కొనేవారు అటువంటి వాహనాన్ని గుర్తించడానికి, మనం చెప్పుకుంటున్న కారుడును గుర్తించడానికి కూడా డిక్కీనే ముందు చూడాలి. కార్పెట్ ఎత్తించాలి, స్టెప్నీ తీయించాలి. గుంటలో ఒండ్రుమట్టి, నీరు నిలిచిన గీత, తుప్పుపట్టిన జాకీ, ఒకే ఒక్క అతుకు మీద కొత్తగా పూసిన జిగురు, పాత కారులో కొత్త కార్పెట్, అవసరానికి మించిన అత్తరు వాసన కనిపిస్తే ప్రశ్నించాలి. సీటు బెల్టును చివరివరకు లాగితే వరదనీటి మరక దాని మీద కనబడవచ్చు. ఒండ్రు డిక్కీలో మాత్రమే ఉండి, ముందు సీట్ల కింద, బెల్టుల మీద ఏమీ లేకపోతే అది వరద కంటే కారుడే అయ్యే అవకాశం ఎక్కువ.

అమ్మేవారి బాధ్యత ఇంతకంటే బరువైనది. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి బజారులో ఒక ధాన్యపు రాశిలోకి చేయి పెట్టగా వేళ్ళకు తడి తగిలిన సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. ప్రజలు చూసేలా ఆ తడిని పైకి ఎందుకు ఉంచలేదని ఆయన (స) ప్రశ్నించి, మోసం చేసేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. వాన కురవడం ఆ వర్తకుని తప్పు కాదు. తడిసిన ధాన్యం అమ్మరాదని కూడా ఆయన (స) అనలేదు. తడిని కిందికి నెట్టి పొడి ధాన్యాన్ని పైన పరచడమే అక్కడి నేరం. డిక్కీ తుడిచి, కొత్త కార్పెట్ పరచి, అత్తరు చల్లి కారును అమ్మడానికి, దానికి తేడా ఏముంది?

కొన్నవారికి తెలియని, అమ్మకానికి ముందే ఉన్న, వస్తువు విలువను తగ్గించే లోపం తర్వాత బయటపడితే సరుకును తిరిగి ఇచ్చివేసే హక్కును ఇస్లామీయ ధర్మశాస్త్రం వారికి ఇచ్చింది. దాన్నే ఖియారుల్ ఐబ్ అంటారు. మన దేశపు 1872 నాటి ఒప్పందాల చట్టంలోని 17వ సెక్షను కూడా తెలిసిన విషయాన్ని మోసగించే ఉద్దేశంతో మరుగుపరచడాన్ని మోసంగానే పరిగణిస్తుంది. ఇక్కడ ధనంతోపాటు ప్రాణం కూడా ముడిపడి ఉంది. ఆ కారులో రేపు వేరొక కుటుంబం ప్రయాణిస్తుంది. వారి పిల్లలు వెనుక సీటులో నిద్రపోతారు.

కాబట్టి మా సలహా ఇది. ప్రతి ఏడూ జూన్ వానలకు ముందు ఒకసారి, వానలు తగ్గాక మరొకసారి డిక్కీ కార్పెట్ ఎత్తి చూడండి. తడి కనిపిస్తే ఊరికే తుడిచి వదలక, అది వచ్చిన దారి వెదికించి బాగుచేయించండి. బాగుచేయించే స్తోమత లేక కారు అమ్మవలసి వస్తే ఆ లోపాన్ని కొనేవారికి స్వయంగా చూపించి, అమ్మకపు కాగితంలో ఒక వాక్యంగా రాయండి. ధర కొన్ని వేలు తగ్గవచ్చు. కొన్నవారు మరమ్మతు చేయించుకొని క్షేమంగా తిరుగుతారు, చేతికి వచ్చిన సొమ్ము కూడా మీకు హలాల్ సొమ్ము అవుతుంది.